క్రిస్మస్‌కి బరోక్ కచేరీ: ఏ కృతి అనేకంటే ముందు ఏ హాలో చూసుకోండి

"హాండెల్ మెస్సయ్యకి వెళ్లాలా, బాఖ్ క్రిస్మస్ ఒరటోరియోకి వెళ్లాలా?" డిసెంబరు దగ్గరపడేసరికి బోస్టన్‌లో మా తెలుగువాళ్లలో ఎవరో ఒకరు నన్ను ఇది అడుగుతారు. రెండూ దాదాపు మూడొందల ఏళ్ల కిందటివి, బరోక్ కాలం నాటి ఒరటోరియోలు, అంటే వేషాలు, నటన లేకుండా గాయకులు, వాయిద్యాలు కలిసి బైబిల్ కథని వినిపించే పెద్ద కృతులు. గుంటూరులో లూథరన్ చర్చి క్వయర్‌లో పాడుతూ పెరిగాను, ఇక్కడికొచ్చాక పదేళ్లుగా ప్రతి క్రిస్మస్‌కీ ఈ కచేరీల వెంట తిరుగుతున్నాను, కాబట్టి నాకు తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. నేను మాత్రం తిరిగి ఒకటే అడుగుతాను: హాల్లో ఎన్ని సీట్లున్నాయి? పాతకాలం వాయిద్యాలతో, అంటే ఆ కృతి పుట్టిన నాటి రకం వాయిద్యాలతో చేసే కచేరీకి ముందు చూడాల్సింది గది, ఆ తర్వాతే కృతి. గది సరిగ్గా ఉంటే ఏ కృతికి వెళ్లినా నష్టపోరు. లేదంటే ఎంత గొప్ప బృందమైనా పక్క వీధిలో ఎవరింట్లోనో పాట మోగుతున్నట్టు ఉంటుంది.

నా మొదటి కచేరీ అలాగే అయింది. హాలు పేరు అనవసరం, చాలా పెద్దది, చవగ్గా దొరికిందని పై బాల్కనీలో చివరి వరసలో, నెత్తి మీద ఇంకో కప్పు ఉన్న సీటు తీసుకున్నాను. హార్ప్సికార్డ్ (పియానోకి ముందుకాలపు మెట్ల వాయిద్యం) వాయించే ఆవిడ చేతులు ఆడుతున్నాయి, శబ్దం మాత్రం నా దాకా రాలేదు. ఇంతేనా ఈ సంగీతం అనుకుని ఇంటికొచ్చేశాను. మరుసటి ఏడాది ఒక చిన్న చర్చిలో మూడో వరసలో కూర్చున్నప్పుడు, అదే రకం వాయిద్యాలు, కమాను తీగ మీద ఆనించగానే వచ్చే ఆ చిన్న గరుకు కూడా వినిపించింది. నా తప్పు బృందాన్ని ఎంచుకోవడంలో లేదు, సీటు ఎంచుకోవడంలో ఉందని అప్పుడు తెలిసింది.

ఎందుకలా అంటే, ఈ వాయిద్యాలు పుట్టిందే చిన్న గదుల కోసం. వయొలిన్‌కి స్టీలు తీగలుండవు, గొర్రె పేగుతో చేసిన తీగలుంటాయి. కమాను తేలిక, దాని కర్ర కొద్దిగా బయటికి వంగి ఉంటుంది, అందుకే స్వరం మొదలవగానే విచ్చుకుని వెంటనే సన్నబడిపోతుంది, ఒకే మందంతో సాగదు. పెద్ద వయొలిన్ లాంటి చెల్లోకి కింద నేలకు ఆనించే ములికి ఉండదు, పిక్కల మధ్య పట్టుకునే వాయిస్తారు. ట్రంపెట్‌కి మీటలు లేవు, పొడుగాటి ఇత్తడి గొట్టం, అంతే. స్వరాలన్నీ పెదాలతో, ఊపిరితో పలికించాల్సిందే. టింపనీకి (గిన్నె ఆకారంలో ఉండే పెద్ద నగారాలకి) దూడ చర్మం బిగిస్తారు, చెక్క పుల్లలతో కొడతారు, దాని దెబ్బ గుండ్రంగా దొర్లదు, పొడిగా టక్కున తగులుతుంది. ఇప్పటి ఆర్కెస్ట్రాలు మామూలుగా 440 హెర్ట్జ్‌కి శ్రుతి చేసుకునే స్వరాన్ని వీళ్లు ఎక్కువగా 415కి పెట్టుకుంటారు, అంటే సుమారు అర స్వరం కింద. మన కచేరీల్లో గాయకుడి శ్రుతికి వయొలిన్ దింపుకోవడం చూసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. పేగు తీగలు, చర్మం వాతావరణానికి ఊరికే మారిపోతాయి కాబట్టి మధ్యమధ్యలో ఆగి శ్రుతి చేసుకుంటారు. మృదంగం వాయించేవాళ్లు కీర్తనకీ కీర్తనకీ మధ్య రాయి పుచ్చుకుని మళ్లీ సరిచేసుకున్నట్టే, విసుక్కోకండి.

టికెట్ కొనేముందు ఇంకో చిన్న జాగ్రత్త. ప్రకటనలో "పీరియడ్ ఇన్‌స్ట్రుమెంట్స్" అని ఉంటే పైన చెప్పిన వాయిద్యాలే వస్తాయి. "హిస్టారికల్లీ ఇన్ఫార్మ్‌డ్" అని మాత్రమే ఉంటే అది పద్ధతి గురించి చెప్పే మాట, వాయిద్యాలు ఇప్పటివే అయ్యుండొచ్చు. అలాంటి కచేరీలు బాగోవని కాదు, మీరు వెతుకుతున్నది అది కాకపోవచ్చు.

ఇక కృతుల సంగతి.

మెస్సయ్యకున్న పెద్ద సౌకర్యం ఇంగ్లీషు. తెలుగు బైబిల్ చదువుతూ పెరిగినవాళ్లకి ఇంకా దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే పాడేవన్నీ లేఖనాలే. మొదట టెనర్ (పై స్థాయిలో పాడే మగ గొంతు) లేచి పాడేది యెషయా 40వ అధ్యాయంలోని "నా జనులను ఓదార్చుడి, ఓదార్చుడి" అన్న మాటే, కాస్సేపటికి కోరస్ అందుకునేది "మనకు శిశువు పుట్టెను" అన్న తొమ్మిదో అధ్యాయం వచనం. మా నాన్నగారికి ఇంగ్లీషు పాట అర్థమవదేమోనని మొదటిసారి టెన్షన్ పడ్డాను. ఆయన మాత్రం ఏ గాయకుడు ఏ వచనం పాడుతున్నాడో తెలుగులో గొణుక్కుంటూ రెండున్నర గంటలు హాయిగా కూర్చున్నారు. చార్లెస్ జెన్నెన్స్ ఈ వచనాలు కూర్చి ఇస్తే హాండెల్ 1741లో ఆగస్టు 22న మొదలుపెట్టి సెప్టెంబరు 14కి రాసేశాడు, 24 రోజుల్లో. ఆ శిశువు కోరస్‌కి వాడిన బాణీ అంతకుముందు ఆయనే రాసిన ఒక ఇటాలియన్ యుగళగీతం నుంచి తెచ్చుకున్నది, గుడ్డి మన్మథుణ్ణి ఇక నమ్మనని పాడే పాట అది. అందుకే ఆ కోరస్ అంత గంతులేస్తూ నడుస్తుంది.

కానీ మెస్సయ్య నిజానికి క్రిస్మస్ కృతి కాదు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో, ఈస్టర్‌కి ముందు రోజుల్లో, అప్పులకు జైలుపాలైనవాళ్ల కోసం, రెండు ఆసుపత్రుల కోసం చందాలు పోగుచేయడానికి మొదటిసారి వినిపించారు. ఫిషాంబుల్ స్ట్రీట్‌లోని ఆ హాల్లో ఏడు వందల మంది పట్టడానికి, ఆడవాళ్లని గౌనుని వెడల్పుగా నిలబెట్టే హూప్‌లు (వలయాలు) లేకుండా, మగవాళ్లని కత్తులు లేకుండా రమ్మని ముందే చెప్పారు. ఏడు వందలు! నేను హాలు చూడమని ఎందుకంటున్నానో ఈ ఒక్క అంకెతో అర్థమవుతుంది. హాండెల్ పోయాక, 1784లో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఐదు వందల మందికి పైగా కలిసి దీన్ని పాడి వాయించారు, ఆ తర్వాత వంద, నూటయాభై ఏళ్లపాటు అదే ఆనవాయితీ అయిపోయింది. పాత వాయిద్యాల బృందాలు మళ్లీ దీన్ని ఆ చిన్న గదిలోకి తెచ్చాయి.

మూడు భాగాల్లో మొదటిదే క్రిస్మస్ కథ. అందరూ ఎదురుచూసే హల్లెలూయ రెండో భాగం చివర్లో వస్తుంది, అక్కడ జనం లేచి నిలబడటం అలవాటు, పక్కవాళ్లు లేస్తే మీరూ లేవండి. మూడో భాగం పునరుత్థానం గురించి. కాబట్టి పండగ వాతావరణం కోసమే వెళ్లేవాళ్లకి చివరి గంట బరువుగా అనిపించొచ్చు, ముఖ్యంగా పిల్లలతో వెళ్తే. ఒక్కటి మాత్రం జాగ్రత్తగా వినండి: దేవదూతలు "మహిమ" అని పాడే చోట ట్రంపెట్లు మొదటిసారి వస్తాయి, హాండెల్ అక్కడ "దూరం నుంచి, కొంచెం మెల్లగా" అని రాసిపెట్టాడు. చిన్న హాలయితే ట్రంపెట్ వాళ్లని ఒక్కోసారి తలుపు అవతలో, పై గ్యాలరీలోనో నిలబెడతారు. ఆ శబ్దం వచ్చినప్పుడు తల తిప్పి చూడనివాళ్లు ఉండరు.

బాఖ్ క్రిస్మస్ ఒరటోరియో మాత్రం అచ్చంగా పండగ కృతి, నా మనసు కూడా అటే మొగ్గుతుంది. 1734 క్రిస్మస్‌కి లైప్‌జిగ్‌లోని రెండు పెద్ద చర్చిల కోసం రాశాడు. ఆరు భాగాలు, ఆరు రోజులకి: డిసెంబరు 25, 26, 27, కొత్త సంవత్సరం రోజు, తర్వాతి ఆదివారం, జనవరి 6. ఒకే రాత్రి వినడానికి కాదన్నమాట. ఇప్పుడు ఆరూ కలిపి చేస్తే విరామం కాకుండానే దాదాపు రెండున్నర గంటలు, అందుకే చాలా బృందాలు మొదటి మూడు భాగాలే చేస్తాయి, గంటా ఇరవై నిమిషాలు. మొదటిసారి వెళ్లేవాళ్లకి అదే చాలు. కొందరు ఆరోది కూడా కలుపుతారు, కుదిరితే అలాంటిది వదలకండి, ఎందుకో కిందే చెబుతాను.

మొదటి భాగం టింపనీ ఒక్కటే మొదలుపెడుతుంది. అయిదు దెబ్బలు, అంతే, తర్వాత ఫ్లూట్లు, తర్వాత టింపనీయే మళ్లీ, ఆపైన ట్రంపెట్లు. ఇది ముందు రాణిగారి పుట్టినరోజుకి రాసిన కృతి, దాని అసలు మాటలే "మోగండి నగారాల్లారా" అని. పండగకి మాటలు మార్చి అదే సంగీతం వాడుకున్నాడు. దూడ చర్మం మీద చెక్క పుల్లల దెబ్బ పది అడుగుల దూరంలో వింటే ఛాతీకి తగులుతుంది. పెద్ద హాల్లో వెనక్కి కూర్చుంటే ఎవరో తలుపు తట్టినట్టు ఉంటుంది.

రెండో భాగం దగ్గర కాస్త ఆగాలి. గొర్రెల కాపరుల రాత్రి అది, ట్రంపెట్లు లేవు. నాలుగు ఓబోలు వరసగా కూర్చుంటాయి, అందులో రెండు ఓబో ద కాచియా అనేవి. చంద్రవంకలా వంగిన చెక్క గొట్టం, పైన తోలు తొడుగు, చివర ఇత్తడి గంట. ఓబో కూడా మన నాదస్వరం లాగే జంట పీకతో వాయించేదే, కాబట్టి ఆ ముక్కుతో పలికినట్టుండే తీపి మన చెవికి కొత్తగా ఉండదు. నేనొకసారి రెండో వరసలో కూర్చుని చూశాను, ఆ ఓబో వాయించే ఆయన తన పాట లేని ప్రతిసారీ పీకని తీసి నోట్లో తడుపుకుంటున్నాడు, గుడ్డతో లోపల తుడుచుకుంటున్నాడు, మళ్లీ బిగించి కరెక్టుగా తన స్వరానికి అందుకుంటున్నాడు. ఆ సాయంత్రం సగం ఆయన్నే చూశాను. తర్వాత ఆల్టో గొంతుతో (కింది స్థాయి ఆడ గొంతుతో) ఒక జోలపాట వస్తుంది. అది కూడా వేరే కృతి నుంచి తెచ్చిందే, అందులో సుఖం అనే పాత్ర గ్రీకు వీరుడు హెర్క్యులిస్‌ని మాయచేసి నిద్రపుచ్చడానికి పాడుతుంది. ఇక్కడ అదే బాణీ పశువుల తొట్టిలో పడుకున్న పసివాడికి జోల అయింది.

లూథరన్ చర్చిలో పెరిగినవాళ్లకి ఇంకొకటి పట్టేస్తుంది. మొదటి భాగంలో "నిన్నెలా ఎదుర్కోవాలి" అని వచ్చే మొదటి కొరాల్ (సంఘమంతా పాడుకునే లూథరన్ కీర్తన) బాణీ, మనం గుడ్‌ఫ్రైడే రోజు వినే ముళ్ల కిరీటం పాట బాణీయే, క్రీస్తు శ్రమల కథ పాడే బాఖ్ మత్తయి పాషన్‌లో పదేపదే వచ్చేదీ అదే. క్రిస్మస్ ఉదయం శ్రమల బాణీ. అదే బాణీ ఆరో భాగం చివర మళ్లీ వస్తుంది, ఈసారి చుట్టూ ట్రంపెట్లు, టింపనీ, గెలిచినవాడి ఊరేగింపులా. అందుకే ఆరో భాగం ఉన్న కచేరీ దొరికితే వదలొద్దన్నాను. గుంటూరుకి లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చింది 1842లో. బాఖ్ కొలువు చేసిన చర్చి సంప్రదాయం, నేను పాడుతూ పెరిగిన చర్చి సంప్రదాయం ఒకటేనని ఆ బాణీ విన్న రోజు గట్టిగా అనిపించింది. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి వినిపించాను, ఆవిడ పాటలో రెండో పాదానికే అందుకుంది.

ఇబ్బందల్లా జర్మన్ భాష. గేయాలకి అనువాదం ఉన్న పుస్తకం చేతికిస్తారు, లేదా గోడ మీద వేస్తారు. ముందురోజు లూకా సువార్త రెండో అధ్యాయం, మత్తయి రెండో అధ్యాయం ఒకసారి చదువుకుని వెళ్లండి, కథ చెప్పే టెనర్ పాడేది ఎక్కువగా అవే వచనాలు.

పిల్లలున్నారా, గంటకి మించి కూర్చోలేరా? అయితే ఈ రెండూ పక్కనపెట్టి షార్పాంతియే "మధ్యరాత్రి పూజ" ఉన్న కార్యక్రమం వెతకండి. 1690ల్లో పారిస్‌లో రాసింది, అరగంట కూడా పట్టదు. జనం వీధుల్లో పాడుకునే ఫ్రెంచ్ క్రిస్మస్ పాటల బాణీల్లో లాటిన్ ప్రార్థన మాటలు కూర్చాడు, కొన్నిటికి పిల్లలు కాలు కదపకుండా ఉండలేరు. లేదా హైన్రిష్ షుట్జ్ 1660లో డ్రెస్డెన్ కోసం రాసిన క్రిస్మస్ కథ. అందులో ఒక్కో పాత్రకీ ఒక్కో వాయిద్యం: కాపరులకి రికార్డర్లు (నిలువుగా పట్టుకుని ఊదే పిల్లనగ్రోవులు), జ్ఞానులకి వయొలిన్లు, ప్రధాన యాజకులకి ట్రాంబోన్లు, హేరోదుకి ట్రంపెట్లు. ఎవరొచ్చారో పిల్లలు చెవితోనే పట్టేస్తారు, మా అక్క కూతురు ఏడేళ్లప్పుడు హేరోదు రాగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నలభై నిమిషాల లోపే అయిపోతుంది. ఇవి పెద్ద హాళ్లలో తక్కువ, చర్చిల్లోనే ఎక్కువ చేస్తారు, టికెట్ కూడా తేలిగ్గా దొరుకుతుంది. వీటికి తోడుగా కొరెల్లి క్రిస్మస్ కాన్‌చెర్టో కూడా వేస్తుంటారు, అందులో పాట లేదు, వాయిద్యాలే. చివర్లో వచ్చే కాపరుల ఊయల లాంటి నడక కోసం వినాలి.

ఏ ఊళ్లో ఎలా అంటే, నాకు బాగా తెలిసింది బోస్టన్. ఇక్కడి హాండెల్ అండ్ హైడెన్ సొసైటీ అనే సంగీత బృందాన్ని 1815లో పెట్టారు, అమెరికాలో మెస్సయ్యని మొదటిసారి పూర్తిగా వినిపించింది వీళ్లే, 1818 క్రిస్మస్ రోజున. 1854 నుంచి ఏటా చేస్తున్నారు. 1986లో క్రిస్టఫర్ హాగ్‌వుడ్ నాయకుడిగా వచ్చాక పాత వాయిద్యాలకి మారారు. వీళ్లు వాయించే సింఫనీ హాలు ప్రపంచంలోనే మంచి ధ్వని ఉన్న హాళ్లలో ఒకటి, కానీ సుమారు 2,600 సీట్లు. అదే ఊళ్లో 1973లో మొదలైన బోస్టన్ బరోక్ కూడా మెస్సయ్య చేస్తుంది. వాళ్లు ఎన్నో ఏళ్లు వాయించిన జోర్డన్ హాల్లో సీట్లు వెయ్యికి అటూఇటూ. రెండు బృందాల్లో ఎవరు గొప్ప అనే వాదన నాకొద్దు. ఒకే ధరకి సింఫనీ హాల్లో వెనక బాల్కనీ, జోర్డన్ లాంటి చిన్న హాల్లో మధ్య సీటు దొరికితే నేను కళ్లు మూసుకుని చిన్న హాలుకే వెళ్తాను. కింద ముందు పది వరసల్లో దొరికితే మాత్రం సింఫనీ హాలే, ఆ కోరస్ అక్కడ నిండినట్టు ఇంకెక్కడా నిండదు.

టొరంటోలో ఉన్నవాళ్లకి టఫెల్‌మ్యూజిక్ అనే పాత వాయిద్యాల బృందం ఉంది, 1979 నుంచి. వాళ్ల మామూలు చోటు ట్రినిటీ సెయింట్ పాల్స్ చర్చి, వినడానికైతే అక్కడికే వెళ్లండి. మాసీ హాల్లో వాళ్లు చేసే "అందరూ పాడే మెస్సయ్య" వేరే రకం, కండక్టర్ హాండెల్ వేషంలో వస్తాడు, వచ్చినవాళ్లంతా గొంతుల వారీగా కూర్చుని కోరస్‌లు పాడతారు. చర్చి క్వయర్‌లో పాడినవాళ్లు పుస్తకం పట్టుకుని అక్కడికెళ్తే పండగే, వాయిద్యాల సొగసు వినాలని వెళ్లేవాళ్లకి మాత్రం కాదు, వేల గొంతుల మధ్య పేగు తీగ ఏం వినిపిస్తుంది? శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికన్ బాఖ్ సోలోయిస్ట్స్ చాలా ఏళ్లు గ్రేస్ కెథడ్రల్లో మెస్సయ్య చేశారు. అలాంటి ఎత్తైన రాతి కట్టడాల్లో స్వరం గాల్లో చాలాసేపు తిరుగుతుంది, నెమ్మదైన పాటలు దివ్యంగా ఉంటాయి, వేగమైన కోరస్‌లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కెథడ్రల్ అయితే బలిపీఠం దగ్గరికి ఎంత జరగగలిగితే అంత జరగండి. లండన్లో ఉన్నవాళ్ల కష్టం వేరు, డిసెంబరులో ఇంగ్లిష్ కాన్సర్ట్, అకాడమీ ఆఫ్ ఏన్షెంట్ మ్యూజిక్, ది సిక్స్‌టీన్ లాంటి బృందాల మధ్య తేల్చుకోవాలి. అక్కడా నా కొలత అదే.

కోరస్ ఎంతమందో కూడా చూడండి, బృందం పేజీలో మామూలుగా రాస్తారు. బాఖ్ కోరస్‌లో ఒక్కో గొంతుకి (సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అనే ఒక్కో స్థాయికి) ఒక్కరినే పెట్టుకున్నాడని 1981లో పరిశోధకుడు, కండక్టర్ జాషువా రిఫ్కిన్ వాదించిన దగ్గర్నుంచి ఆ గొడవ తెగలేదు, కొందరు నలుగురైదుగురితోనే అంతా పాడిస్తారు, కొందరు ఇరవై మందితో. నాకైతే రెండొందల సీట్ల చర్చిలో ఎనిమిది గొంతులు, వెయ్యి సీట్ల హాల్లో ఇరవై గొంతులు బాగా సరిపోతాయి. తిరగేస్తే రెండూ చెడతాయి.

ఇక సీటు. చివరి వరసలు, బాల్కనీ కింద నీడలో ఉండే వరసలు వద్దు, చవకైనా వద్దు. డబ్బు చూసుకోవాల్సి వస్తే పక్క బాల్కనీలో వేదికకి దగ్గరి సీటు తీసుకోండి, వేదిక సగమే కనిపిస్తుందని తక్కువకి ఇస్తారు, వినడానికి అద్భుతంగా ఉంటుంది. చిన్న చర్చిల్లో సీటు నంబర్లు ఉండకపోవచ్చు, నలభై నిమిషాలు ముందు వెళ్లండి. వెళ్తే థియోర్బో శ్రుతి చేసుకోవడం కూడా చూడొచ్చు, పొడుగాటి మెడతో దాదాపు మనిషంత ఎత్తుండే మీటే తీగల వాయిద్యం అది, పద్నాలుగు తీగల దాకా, చెవి వంచి ఒక్కోటీ వింటూ ఓపిగ్గా బిరడాలు తిప్పుకుంటూ ఉంటారు. కోటు బయట తగిలించండి, ఒళ్లో పెట్టుకుంటే కదిలినప్పుడల్లా గరగర. దగ్గు బిళ్ల కాగితం ముందే విప్పి జేబులో పెట్టుకోండి.

ఈ ఏడాది నాన్నగారు మళ్లీ వస్తున్నారు. మెస్సయ్య ఆయనకి అయిపోయింది, అందుకే బోస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జిలో ఒక చర్చిలో బాఖ్ మొదటి మూడు భాగాలు, ఆరోది ఉన్న కచేరీకి రెండు టికెట్లు తీసుకున్నాను. కుడి పక్క గ్యాలరీ, మొదటి వరస. ఆయన సరిగ్గా టింపనీకి పైన కూర్చుంటారు.